మావయ్యగారు, కోళ్ళు, ఒక కుక్కపిల్ల

మా మావయ్యగారికి మాట పడిపోయిన ఏడాదే మా దొడ్లోకి కోళ్ళొచ్చాయి. రెండిటికీ సంబంధం ఉంది. పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట కూడా పోయాక ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఆయన దగ్గర ఉండాల్సి వచ్చింది. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు, ఆ ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అందుకని చిన్నపిల్లల బడిలో నేను చేస్తున్న టీచరు పని మానేశాను. నేను ఊరికే కూర్చోలేనని మా ఆయనకి తెలుసు. ఒక సాయంత్రం రెండు పెట్టల్నీ ఒక పుంజునీ సైకిలు హ్యాండిలుకి వేలాడదీసుకుని వచ్చి, ఇవి చూసుకుంటూ ఉండు, నీకూ పొద్దుపోతుంది అన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఊరు కొల్లేటి ఒడ్డున, ఏలూరుకీ కైకలూరుకీ మధ్య ఉంటుంది. ఇంటి ముందు రోడ్డు, వెనక తాటాకు దడి, దడి అవతల చేపల చెరువుల గట్లు, గట్ల అవతల కిక్కిస గడ్డి దుబ్బులు. నేను తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగినదాన్ని. కోడిని కూరలో తప్ప దగ్గరగా చూసి ఎరగను. అయినా ఆ మూడు కోళ్ళూ నా చేతుల్లో బాగానే పెరిగాయి. పెట్టలు పొదిగాయి, పిల్లలయ్యాయి, ఏడాది తిరిగేసరికి దొడ్డి నిండింది.

మావయ్యగారు ఏలూరులో మిషన్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో ఆయన వాక్యం చదివితే మైకు అక్కర్లేదనేవారు. అలాంటి మనిషికి గొంతులో ఒక్క "ఊఁ" మిగిలింది. మంచినీళ్ళు కావాలన్నా ఊఁ, అన్నం చాలన్నా ఊఁ. ఏలూరు డాక్టరుగారు రోజూ చిన్న చిన్న మాటలు పలికించమని, అలా చేస్తే మాట కొంతైనా వస్తుందని చెప్పారు. నేను ఎదురుగా కూర్చుని "అమ్మ అనండి మావయ్యగారూ" అంటే ఆయన మొహం పక్కకి తిప్పేసుకునేవారు. జీవితమంతా పిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి, కోడలి దగ్గర అమ్మ, ఆవు అని దిద్దుకోవాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. నాలుగు రోజులు చూసి బలవంతం పెట్టడం మానేశాను. పొద్దున్నే ఆయన్ని నడిపించుకుని వెళ్ళి దొడ్లో ములగచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ఆయన కోళ్ళని చూస్తూ కూర్చునేవారు.

కోళ్ళు పెరిగినకొద్దీ వాటికోసం వచ్చేవీ పెరిగాయి. కిక్కిసలోంచి బావురుపిల్లి వచ్చేది. అది గట్ల మీద చేపలు పట్టుకు తినే జంతువే, కానీ కోడి దొరికితే వదలదు. గుడ్లకి ముంగిస వచ్చేది. పిల్లలకి గద్ద. ఒకరోజు మావయ్యగారి కళ్ళెదుటే గద్ద ఒక పిల్లని తన్నుకుపోయింది. ఆయన అరవబోయారు, గొంతు లేవలేదు. ఎడం చేత్తో కుర్చీని దబదబా కొడుతుంటే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. అప్పటికే గద్ద తాటిచెట్లు దాటిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి కోడిపిల్ల కోసం కాదని నాకనిపించింది.

మా అక్కని కామవరపుకోట దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. వాళ్ళకి జీడిమామిడి తోట, తోటనిండా కోళ్ళు. మావయ్యగారిని చూడ్డానికి వచ్చినప్పుడు నేను గోడు వెళ్ళబోసుకుంటే, ఒక కుక్కని పెట్టుకోవే అంది. కుక్కే తినేస్తుంది కదా అన్నాను. మా పక్కింటి వాళ్ళ కుక్క ఊళ్ళో ఎన్ని కోళ్ళని పట్టిందో చెప్పాను. అక్క నవ్వింది. తమ తోటలో కుక్కలు కోళ్ళగంపల పక్కనే ఈనుతాయని, కళ్ళు తెరవగానే వాటికి కనిపించేది కోళ్ళేనని చెప్పింది. అలా పుట్టిన పిల్లని తెచ్చుకుని, మొదటి ఏడాది ఓపిక పట్టాలంది. కోడి వెంట ఆటకి కూడా పరిగెత్తనివ్వకూడదు. ముందు కోళ్ళకి మేత వేసి, అవి తింటున్నంతసేపూ కుక్కని కూర్చోబెట్టి, తర్వాతే దానికి అన్నం పెట్టాలి. పచ్చి పేగులు, గుడ్ల పెంకులు దాని నోటికి తగలనివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో ఒకరు రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

"అంత తీరిక ఎవరికుందక్కా?" అన్నాను.

అక్క ములగచెట్టు వైపు చూసింది. నేనూ చూశాను. మావయ్యగారు మా మాటలన్నీ వింటున్నారు.

ఆ వానాకాలం మొదట్లో అక్క కుక్కపిల్లని తెచ్చింది. కామవరపుకోట నుంచి ఏలూరు దాకా బస్సులో ఒళ్ళో బుట్ట పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, మామిడిపళ్ళని చెప్పిందట. దారిలో మామిడిపళ్ళు కుయ్యిమన్నాయి. కండక్టరు తువ్వాలు ఎత్తి చూసి, పళ్ళు బాగా ముగ్గినట్టున్నాయమ్మా అని టికెట్టు కొట్టకుండా వెళ్ళిపోయాడట. ఏలూరు బస్టాండులో నాకు బుట్ట అందిస్తూ అక్క ఈ సంగతి చెప్పి ఎంత నవ్విందో. బుట్టలో గోధుమరంగు ఆడపిల్ల, కడుపు గుండ్రంగా, కాళ్ళు తెల్లగా ఉంది. దానికి పేరు పెట్టలేదు. మావయ్యగారు పిలవలేని పేరు పెట్టి మేం పిలుచుకోవడం బాగుండదనిపించింది. పిల్ల అనే అన్నాం, అదే ఉండిపోయింది.

దానికి మొదటి పాఠం చెప్పింది మా పిల్లలకోడి. వచ్చిన మర్నాడే పిల్ల దాని పిల్లల దగ్గరికి ముక్కు చాపింది. కోడి ఈకలు రిక్కించి ఎగిరి ముక్కుమీద పొడిచింది. పిల్ల కేరుమంటూ వచ్చి మావయ్యగారి కుర్చీ కింద దూరింది. చాలా నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను. సగం పెదవే కదిలింది, కానీ నవ్వే.

ఆ రోజు నుంచి దాని తాడు ఆయన కుర్చీ చేతికి కట్టేదాన్ని. నేను ఇంటిపనిలో ఉంటే ఆయన కాపలా. పిల్ల కోళ్ళ వైపు చెవులు నిక్కబొడిస్తే ఆయన ఎడం చేత్తో తాడు లాగి "ఊఁ" అని గట్టిగా అనేవారు. అది బుద్ధిగా పడుకుంటే "ఊఁ" అని మెత్తగా అనేవారు. మాకు అర్థం కావడానికి నెలలు పట్టిన ఆ తేడా దానికి నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. నేను కోళ్ళకి నూకలు చల్లుతుంటే అది చొంగ కారుస్తూ ఆయన మొహంలోకి చూసేది. ఆయన తల ఊపాకే గిన్నె దగ్గరికి వెళ్ళేది. ఒకప్పుడు క్లాసులో ఆయన ఇలాగే ఉండేవారేమో అనుకునేదాన్ని.

చలికాలం వచ్చేసరికి పిల్లకి కాళ్ళు పొడుగయ్యాయి, ఆట ఎక్కువైంది. ఒక పొద్దున నేను కుర్చీనుంచి తాడు విప్పి నీళ్ళు పెట్టబోతుంటే తాడుతో సహా చేజారి పోయింది. దడి పక్కనున్న కోడిపిల్లల్లోకి దూకి ఒకదాన్ని నోట కరుచుకుంది. తినలేదు. ఎగరేసి పట్టుకుంది, మళ్ళీ ఎగరేసింది. కోడిపిల్ల కదలడం మానేశాక దాన్ని తెచ్చి మావయ్యగారి కాళ్ళ దగ్గర పెట్టి తోక ఊపింది.

మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు. ఒకసారి కోడిని పట్టిన కుక్క ఇక మానదని, ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారని, ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుక్క కావాలంటున్నాడు కాబట్టి ఈ పూటే తీసుకెళ్ళి ఇచ్చేస్తానని అన్నారు. ఆయనది కోపం కాదు. ఒళ్ళు అలిసిపోయిన మనిషి. ఇంట్లో ఉన్న కష్టానికి ఇంకోటి తోడవడం ఇష్టంలేక అన్నమాట అది.

ఆయన వంగి తాడు అందుకున్నారు. పిల్ల వెనక్కి రాగానే పట్టుకున్న తాడు రెండో కొస మావయ్యగారి ఎడంచేతిలోనే ఉంది. ఆయన వదల్లేదు.

"నాన్నగారూ, వదలండి" అన్నారు మా ఆయన.

మావయ్యగారి మొహం ఎర్రబడింది. మెడ నరాలు బిగిశాయి. పెదవులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. మళ్ళీ పక్షవాతం వస్తోందేమోనని భయపడి దగ్గరికి వెళ్ళాను.

"వ... వద్దు."

మా ఆయన తాడు వదిలేసి నేలమీద కూర్చుండిపోయారు. ఏమన్నారు నాన్నగారూ, మళ్ళీ ఒకసారి అనండి అని అడిగారు.

"వద్దు" అన్నారు మావయ్యగారు. ఈసారి స్పష్టంగా ఉంది.

మా ఆయన లేచి బోరింగు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయారు. నేను చచ్చిపోయిన కోడిపిల్లని దడి పక్కన పూడ్చి వచ్చి, పిల్లని మళ్ళీ కుర్చీకి కట్టాను. ఫ్యాక్టరీ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత నెలలు మావయ్యగారు ఆ కుక్కకి నేర్పిన పద్ధతి నేనెప్పటికీ మర్చిపోను. కోడిపిల్లల్ని గంపకింద పెట్టి కుర్చీ ముందు ఉంచమని సైగ చేసేవారు. పిల్ల గంపవైపు మెడ చాపితే "వద్దు". మొహం తిప్పుకుంటే తల నిమిరేవారు. కొన్నాళ్ళకి గంప ఎత్తించారు. కోడిపిల్లలు దాని కాళ్ళ మధ్య నుంచి నడిచేవి. అది వణుకుతూ, కళ్ళు మూసుకుని, ఆయన మోకాలికి తల ఆనించి ఉండేది. రోజంతా దానికి వద్దు, వద్దు అని చెప్పీ చెప్పీ ఆయన నాలుక తిరగడం మొదలైంది. వద్దు తర్వాత రా వచ్చింది, ఆగు వచ్చింది, కూచో వచ్చింది. డాక్టరుగారు చెప్పిన సాధన అంతా మేం ఎవరం అడక్కుండానే ములగచెట్టు కింద జరిగిపోతోంది. ఏలూరు వెళ్ళినప్పుడు చెబితే డాక్టరుగారు ఆశ్చర్యపోలేదు. మనుషుల ముందు మాట తడబడితే సిగ్గు, కుక్క ముందు ఆ సిగ్గు ఉండదు కదమ్మా అన్నారు.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే వెనకనుంచి ఎవరో "అమ్మాయ్" అని పిలిచారు. పక్కింటి పెద్దాయన అనుకుని దడివైపు తిరిగి చూశాను. అక్కడెవరూ లేరు. మళ్ళీ పిలుపు వినిపించింది. మావయ్యగారు. నన్ను ఆయన అలాగే పిలిచేవారు, జబ్బుకి ముందు. చేతిలో తడిచీరతో అలాగే వెళ్ళి, చెప్పండి మావయ్యగారూ అన్నాను. ఆయనకి ఏమీ అక్కర్లేదట. ఊరికే పిలిచారు.

పిల్ల పెద్దదైంది. కోళ్ళ భాష నాకంటే దానికే బాగా వచ్చు. గద్ద కనిపిస్తే పుంజు గొంతులో సన్నగా ఒక కూత పెడుతుంది, కోళ్ళన్నీ ఉన్నచోటే నక్కుతాయి. ఆ కూత వినగానే పిల్ల చెట్టు కిందనుంచి దొడ్డి మధ్యకి దూకి ఆకాశంలోకి చూస్తూ మొరిగేది. గద్ద నీడ వెళ్ళిపోయేదాకా అక్కడే తిరిగేది. బావురుపిల్లి ఒక తెల్లవారుజామున దడి కింద దూరి వచ్చినప్పుడు గూటి తలుపుకి అడ్డంగా నిలబడి పోట్లాడింది. మేం కర్రలు తీసుకుని వెళ్ళేసరికి పిల్లి పారిపోయింది. దీని భుజం మీద లోతుగా గీరుకుపోయింది. కైకలూరు పశువుల ఆసుపత్రిలో కుట్లు వేస్తున్నంతసేపూ మా ఆయనే దాన్ని ఒళ్ళో పట్టుకున్నారు. ఇంటికొచ్చాక చొక్కానిండా నెత్తురుతో, దీన్నా నేను ఇచ్చేద్దామనుకున్నాను అన్నారు.

ఆ తర్వాతి ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. పైన కొండల్లో వానలు పడి తమ్మిలేరు, బుడమేరు పొంగితే ఆ నీళ్ళన్నీ చేరేది కొల్లేట్లోకే. చెరువు గట్లు మునిగాయి, దడి మునిగింది, గూటి మెట్టుదాకా నీళ్ళొచ్చాయి. ఊళ్ళో కాస్త మెరక మా చర్చి. మావయ్యగారిని ముందు తీసుకెళ్ళి, తర్వాత మా ఆయన దోనె తెచ్చి కోళ్ళని గంపలకెత్తి చేరవేశారు. పిల్ల దోనె పక్కనే ఈదుకుంటూ వచ్చింది.

మేం వెళ్ళేసరికి చర్చి వరండా అంతా జనం, మేకలు, గంపలు. ఊరివాళ్ళ కోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. తడిసిన కుక్క మెట్లెక్కి రావడం చూసి సంఘపెద్ద ఎదురొచ్చారు. ఆయన మంచివాడే, భయం న్యాయమైనదే.

"మాస్టారూ, కుక్కని కిందే కట్టేద్దామండీ. అందరి కోళ్ళూ ఇక్కడున్నాయి కదండీ."

మావయ్యగారు బెంచీమీంచి చూశారు. అందరూ ఆయన సైగ చేస్తారనుకున్నారు. ఊళ్ళో చాలామంది ఆయన మాట విని ఏళ్ళయింది.

"ఉండ... నివ్వండి" అన్నారు. ఆగి ఊపిరి తీసుకుని, "కాస్తుంది" అన్నారు.

సంఘపెద్ద చేతులు జోడించి పక్కకి తప్పుకున్నారు. కుక్క కోసం కాదు, ఆ గొంతు కోసం. పిల్ల ఒళ్ళు దులుపుకుని గంపల పక్కన మెట్లకి అడ్డంగా పడుకుంది. నీళ్ళు తీసేదాకా ఊరకుక్కలు ఒక్కటీ ఆ మెట్లెక్కలేదు. ఎవరిదో తల్లికోడి వరదలో పోయింది. దాని పిల్లలు చలికి కిచకిచలాడుతూ వచ్చి పిల్ల కడుపు వెచ్చదనానికి చేరాయి. ఒకటి వీపెక్కి కూర్చుంది. పిల్ల తలెత్తి మావయ్యగారి వైపు చూసింది, మళ్ళీ పడుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వంటలు ఆపి చూశారు. ఆ ఆదివారం ఆరాధన కోళ్ళ మధ్యే జరిగింది. పాస్టరుగారి ప్రార్థన మధ్యలో పుంజులు కూస్తుంటే ఎవరూ నవ్వకుండా ఉండలేకపోయారు.

నీళ్ళు తీశాక దొడ్డినిండా బురద. కానీ మా కోళ్ళలో ఎక్కువభాగం మిగిలాయి. ఆ ఏటి కోతపండుగకి చర్చికి ఒక పుంజుని అర్పణగా ఇద్దామన్నాను. మా చర్చిలో ఆ రోజు పండినవీ పెంచినవీ తెచ్చి దేవుడి ముందు పెట్టి, చివర్లో వేలం వేస్తారు. మావయ్యగారు ఊఁ అన్నారు. తర్వాత రెండు వారాలు ములగచెట్టు కింద తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉండేవారు. నేను దగ్గరికి వెళితే ఆపేసేవారు. పిల్లకి మాత్రం తెలిసుండాలి.

పండుగ రోజు, దేవుడు చేసిన మేళ్ళు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళకి ఆయన కర్ర ఊతంతో లేచి నిలబడ్డారు. మా ఆయన పట్టుకోబోతే చెయ్యి తోసేశారు. ఆయన నోరు తెరిచి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు. "కృ... కృత..." అక్కడ ఆగిపోయారు. తెలుగు మాస్టారు అన్నిటిలోకి కష్టమైన మాట ఎంచుకున్నారని అప్పుడర్థమైంది. "దేవునికి స్తోత్రం" అంటే తేలిగ్గా అయిపోయేది. నా పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుంది. ఆయన తొందరపడలేదు. కుక్కకి నేర్పినప్పుడు ఎంత ఓపిక పట్టారో అంత ఓపికతో తన నాలుకకి టైమిచ్చారు.

"కృతజ్ఞతలు" అన్నారు.

జ్ఞ అక్షరం ఒత్తు పోకుండా పలికారు. కూర్చున్నారు. అంతే ఆయన సాక్ష్యం. వెనక వరసలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మావయ్యగారు ఇంకొన్నేళ్ళు బతికారు. మాట పూర్తిగా రాలేదు. పొడుగు వాక్యాలు మధ్యలో తెగిపోయేవి, పేర్లు తారుమారయ్యేవి. కానీ మాతో మాట్లాడారు, పోట్లాడారు, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పారు. నాకు కూతురు పుట్టినప్పుడు ఆయనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాటలు నేర్పారు. ఇద్దరూ తప్పులు పలుకుతూ ఒకరినొకరు దిద్దుకునేవారు. పిల్ల ఈనినప్పుడు, వరదలో దాన్ని చూసినవాళ్ళంతా కుక్కపిల్లల కోసం వచ్చారు. ఊళ్ళో కోళ్ళని పట్టిన కుక్క ఉన్న పక్కింటివాళ్ళూ వచ్చారు. మావయ్యగారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏడాది కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఎవరో అడిగి తెలుసుకుని మరీ ఇచ్చారు.

ఆయన ఒక వేసవి మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని నిద్రలోనే పోయారు. బాధపడకుండా వెళ్ళారు. పిల్ల కొన్నాళ్ళు సరిగ్గా తినలేదు. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే దాని పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టేవారు. మెల్లగా తేరుకుంది.

తర్వాత నేను మళ్ళీ బడిలో చేరాను. పొద్దున నేను బస్సుకి బయల్దేరే వేళకి మా ఆయన గూటి తలుపు తీస్తూ ఉంటారు, కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వస్తాయి, ముసలిదైన పిల్ల వాటికి దారి ఇచ్చి పక్కన నిలబడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజూ అక్కని తలుచుకుంటాను, ఆ కండక్టరుని తలుచుకుంటాను, ఆ డాక్టరుగారిని తలుచుకుంటాను. వాళ్ళలో ఎవరికీ తాము మాకేం చేశారో పూర్తిగా తెలియదు. అక్కకి మాత్రం ఒకసారి చెప్పబోయాను. చాల్లేవే, నేను తెచ్చింది కుక్కపిల్లని, మిగతాదంతా మీ మావయ్యగారు చేసుకున్నదే అంది.